తల్లిగారింటికి పోయిన గుర్రం

ఎదురుంగ మనిషి లేకున్నా నోరారా తిట్టొచ్చని నాకు పోయిన చలికాలంల తెలిసింది. నేను తిట్టింది ఫోన్ల ఉన్న చెస్ కంప్యూటర్‌ను. "నీ మొఖం మండ, నీకు సిగ్గు శరం ఉన్నదా?" అని వంటింట్ల కూసోని మొత్తుకుంటుంటే, పక్క అర్రల నడుం వాల్చిన మా అత్తమ్మ లేచొచ్చి "ఎవల్ని తిడ్తానవే పట్టపగలు?" అని అడిగింది. ఫోన్‌ను అని చెప్పిన. జెరమొచ్చిందేమో అని ఆమె నా నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మాది మట్టెవాడ బజార్ల స్టీలు, ఇత్తడి గిన్నెల దుకాణం. ముందటి గల్లీల దుకాణం, ఎనుక గల్లీల ఇల్లు. ఇంట్ల ఇద్దరం కోడళ్లం. పెద్ద కోడలిని నేను అక్కా అంట, ఆమె నన్ను చెల్లె అంటది. తోడబుట్టినోళ్లం కాదు, తోటికోడళ్లం. కాని తొమ్మిదేండ్ల సంది ఒక్క పొయ్యి మీద వండుకుంట ఉన్నోళ్లకు ఇంక వేరే చుట్టరికం ఏం కావాలె? మగోళ్లు పగటీలి అన్నం తిని మళ్ల దుకాణానికి పోంగనే మాకు రెండు గంటలు దొరుకుతయి. ఆ రెండు గంటలు పక్కింటోళ్లు సీరియల్ చూస్తరు, మేము చాప పరుచుకోని చెస్ ఆడుతం.

చెస్‌ను ఈ ఇంటికి తెచ్చింది నేనే. డిగ్రీ చదివేటప్పుడు హన్మకొండల హాస్టల్ల నేర్చుకున్న. పెండ్లయి వచ్చేటప్పుడు పెట్టెల చీరెల కింద బోర్డు పెట్టుకోని వచ్చిన. అక్క చదివింది ఏడో తరగతి దాంక. వాళ్లది కేసముద్రం, మార్కెట్ యార్డు పక్కపొంటే ఇల్లు. గుప్పెడు మక్కలు అరచేతుల పోసుకోని "ఇందుల ఇంక తడి ఉన్నది, రెండు దినాలు ఎండాలె" అని చెప్పేస్తది. దుకాణంల బిందెను వేలితోటి ఒక్కటి కొట్టిందంటే, దానికి అతుకు పెట్టిన్రా లేదా అన్నది ఆ చప్పుడుతోనే పట్టేస్తది. ఇది దిమాక్ అని మాకెవ్వరికీ తట్టలేదు. ఆమెకైతే అసలే తట్టలేదు.

ఆమెకు ఆట నేర్పిన తొలి నెలల్నే ఒక కట్టడి పెట్టిన. బోర్డు నాది కాబట్టి తెల్లయి ఎప్పుడు నావే. తెల్లయి ముందు కదులుతయి, ముందు కదిలినోళ్లకు జర లాభం. అక్క ఎన్నడు అడగలేదు, నేను ఎన్నడు ఇయ్యలేదు. రాస్తుంటె ఇప్పుడు తెలుస్తాంది నేనెంత గయ్యాళినో.

ఇగ నా ఆటంటే ఒక్కటే ఆట. హాస్టల్ల ఒక సీనియర్ నేర్పింది, మేము దానికి గుర్రం దానం అని పేరు పెట్టుకున్నం. ముందుగాల ఇద్దరి గుర్రాలు రెండు రెండు బయటికొస్తయి. నాలుగో ఎత్తుల నా గుర్రంతోటి నడిమిట్ల ఉన్న ఎదుటోళ్ల బంటును కొట్టాలె. ఆ బంటుకు వాళ్ల గుర్రం కాపల ఉంటది. అంటే ఒక్క బంటు కోసం నిండు గుర్రాన్ని చేజేతుల ఇచ్చినట్టే. చూసినోళ్లు "అయ్యో పాపం, చూసుకోలేదు" అనుకుంటరు, సంబురంగ గుర్రాన్ని తింటరు. అప్పుడు నా బంటొకటి ముందుకురికి ఆ తిన్న గుర్రాన్ని బెదిరిస్తది. అది పక్కకు జరుగుతది. ఇంకో బంటు ఉరికి రెండో గుర్రాన్ని బెదిరిస్తది. చేన్ల పడ్డ గొడ్లను కట్టె పట్టుకోని అదిలించినట్టుంటది. గుర్రం తిన్న సంబురం అంతల్నే పోయి, ఎదుటోళ్లు ఆగమైతరు.

అక్క సుత మొదట్ల అట్లనే ఆగమైంది. ఒకనాడు మాత్రం నా బంటు బెదిరిస్తే ఆమె తన రెండో గుర్రాన్ని తీసి, అది మొదలు ఎక్కడున్నదో ఆ గడిలనే మళ్ల పెట్టింది. పక్కన కందిపప్పు ఏరుకుంట కూసున్న అత్తమ్మ అది చూసి "అగో, తల్లిగారింటికి ఉరికింది!" అన్నది. నేను పడి పడి నవ్విన. నవ్వి ఊకున్ననా? లేదు. అక్కడికక్కడ ఒక రూల్ పెట్టిన. ఇయ్యాల్టి సంది ఎవరి గుర్రం తల్లిగారింటికి వాపసు పోతదో, వాళ్లే మాపటి చాయ్ పెట్టాలె. ఇద్దరికి కాదు, ఇంట్లోళ్లందరికి, దుకాణంల పనోళ్లకు సుత, పెద్ద ఫ్లాస్కు నింపాలె. పైంగ ఆ మాట అందరు వినేటట్టు అనాలె, తల్లిగారింటికి ఉరికింది అని.

అక్క సుత నవ్వింది. నవ్వినట్టే అనిపించింది నాకు. ఆ తెల్లారి సంది ఎనిమిదేండ్లల్ల ఆమె గుర్రం ఒక్కసారంటే ఒక్కసారి వెనక్కి పోలేదు. ఆమె వేలు ఆ గడి దాంక పోయేది, ఒక్క గడియ అక్కడ ఆగేది, మళ్ల గుర్రాన్ని ఎత్తుకోని ముందటి దిక్కో పక్కకో పెట్టేది. నేను టక్కున దాన్ని తినేదాన్ని. దానమిచ్చిన గుర్రం నాకు వాపసొచ్చేది, పైంగ ఒక బంటు లాభం. అయినా అక్క అంత తొందరగ చేతులెత్తేది కాదు. ముప్పై ఎత్తులు, నలభై ఎత్తులు గుంజేది. ఆఖరుకు గెలిచేది మాత్రం నేనే. అక్క గెలిచినయి వేళ్ల మీద చెప్పొచ్చు. ఇంట్ల అందరు చిన్న కోడలికి దిమాక్ జాస్తి అనేటోళ్లు. నేను "అదేం లేదు" అంటుంటి, కాని లోపట లోపట మస్తు సంబురం.

పోయిన చలికాలంల మా మామయ్య హన్మకొండల ఇంకో చిన్న దుకాణం తీసుకున్నడు. పెండ్లిళ్లకు, గృహప్రవేశాలకు వచ్చినోళ్లకు పంచే చిన్న చిన్న గిన్నెలు, కుంకుమ భరిణెలు, దీపాలు, గవే సామాన్లు. అత్తమ్మ ఒక్కటే మాట అన్నది. "ఆడోళ్లు కొనేటియి ఆడోళ్లే అమ్మాలె. కోడళ్లల్ల ఒకరు అక్కడ కూసుంటరు, ఒకరు ఇల్లు చూసుకుంటరు." అన్నం కాడ అందరు ఉన్నరు. డిగ్రీ చదివి తొమ్మిదేండ్లాయె, ఆ చదువుతోటి నేను చేసిన పని ఏమన్నా ఉన్నదంటే గ్యాస్ బుక్ చేసుడు, పిల్లల ఫారాలు నింపుడు. నాకు ఒక కుర్చీ కావాలె, ముందట ఒక బల్ల కావాలె, వచ్చినోళ్లు నన్ను అడగాలె. అది నాకు ఎంత కావాల్నో ఎవరికీ చెప్పలేదు.

నేను నోరు తెరిచేంతల్నే అక్క అన్నది. "చెల్లెనే పోతది అత్తమ్మా. నాకేం దిమాకున్నది? ఎనిమిదేండ్ల సంది చెస్‌ల ఈ పిల్ల కాడ ఓడిపోతనే ఉన్న. దుకాణం ఏం నడుపుత నేను?" అందరు నవ్విన్రు. మామయ్య "అయితే చిన్నది కూసుంటది" అన్నడు. అయిపోయింది, ఖరారు. నేను ఒక్క పూరీ ఎక్కువ తిన్న ఆ పూట.

ఆ ఎంబడే అక్క కేసముద్రం పోయింది, వాళ్ల అన్న కొడుక్కు పుట్టెంట్రుకలు తీసే పండుగ. వారం దినాలు ఉంటనన్నది. పగటీలి రెండు గంటలు నాకు పొద్దు పోక, కాలు కాలిన పిల్లి లెక్క ఇల్లంత తిరిగిన. మూడో రోజు ఫోన్ల చెస్ ఎక్కిచ్చుకున్న. కంప్యూటర్‌తోటి ఆడొచ్చట. దాంట్ల పది మెట్లున్నయి, ఒకటి అల్కటిది, పది గట్టిది. నేను తొమ్మిది నొక్కిన. ఎనిమిదేండ్ల సంది గెలుసుకుంట వచ్చినదాన్ని, నాకేం తక్కువ?

గుర్రాలు బయటికొచ్చినయి. నాలుగో ఎత్తుల దానమిచ్చిన. కంప్యూటర్ తిన్నది. నా బంటు ఉరికింది, దాని గుర్రం పక్కకు జరిగింది. రెండో బంటు ఉరికింది. నేను చాయ్ గిలాస అందుకొని ఇగ చూడు బిడ్డా నీ పని అనుకున్న. అది ఒక్క గడియ సుత ఆలోచించలేదు. రెండో గుర్రాన్ని తీసి సీదా తీసుకపోయి మొదటి గడిల పెట్టుకున్నది. నేను నవ్విన. "తల్లిగారింటికి ఉరికింది!" అని ఒక్కదాన్నే అన్న. కాని ఆ తర్వాత నాకు తినడానికి ఏం దొరకలేదు. దాని కాడ నా గుర్రం ఉన్నది, నా కాడ ఒక బంటున్నది. ఇంటికి పోయిన ఆ గుర్రం జర ఆగి మళ్ల బయటికొచ్చి నా రాజు నెత్తిన కూసున్నది. ఇరవై ఎత్తులల్ల ఖతం.

ఏదో పొరపాటైంది అనుకున్న. మళ్ల ఆడిన, మళ్ల ఇంటికే పోయింది. ఎనిమిదో మెట్టు, అదే. ఏడో మెట్టు, అదే. ఆరో మెట్టు కాడ నేను మొక్కని మొక్కు లేదు. గుర్రాన్ని బెదిరించి, ఫోన్ దిక్కు గుడ్లురిమి చూసుకుంట, "జరుగు, ముందుకు జరుగు, మొనగానివైతే ముందుకు రా" అని బతిమిలాడిన. అది ఇంటికి పోయి కూసున్నది. గదిగో, అప్పుడే నేను మొత్తుకున్నది, అత్తమ్మ నా నొసలు పట్టి చూసింది. సంగతి చెప్తే "ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీ అసొంటిదే" అనుకుంట పోయి మళ్ల పండుకున్నది.

మాపటీలి మా ఆయన వస్తే ఆయనకు చూపెట్టిన. ఆయనకు చెస్ రాదు, ఏది ఎట్ల నడుస్తదో మాత్రం ఎర్క. రెండు నిమిషాలు చూసి "మరి గుర్రాన్ని ఫుకట్ల ఎందుకిస్తానవ్?" అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేం తెలుసు, అది ఎత్తుగడ" అన్న. "ఏమో మల్ల, దుకాణంల మనం ఫుకట్ల ఇస్తే నాయిన ఊకుంటడా?" అనుకుంట టీవీ పెట్టుకున్నడు. ఆ మనిషితోటి నేను రెండు పూటలు మాట్లాడలేదు. కోపమెందుకంటే ఆయన అడిగింది సక్కటి మాట.

మరునాడు పగటీలి ఫోన్ పక్కన పెట్టి బోర్డు పరిచిన. ఈసారి నా దిక్కు కాదు, అక్క కూసునే దిక్కు పోయి కూసున్న. తొమ్మిదేండ్లల్ల ఆ దిక్కు కూసునుడు అదే మొదలు. నల్ల గుర్రాన్ని పట్టుకున్న. తెల్ల బంటు బెదిరిస్తాంది. ఎక్కడికి పోవాలె? నడిమిట్లకు పోతే తెల్లోళ్ల ఇంకో గుర్రం తింటది. ఆ పక్క గడికి పోయినా అదే గుర్రం తింటది. అంచుకు పోతే, ముందుకు దుంకితే, మంత్రి ఒక్క ఉరుకుల వచ్చి ఎత్తుకపోతది. ఒక్కొక్క గడిల పెట్టి చూసిన. అన్ని చావే. ఆ గుర్రానికి ప్రాణం దక్కే గడి ఒక్కటే ఉన్నది, అది మొదలు ఉన్న గడి. అక్కడ పెట్టినంక చూస్తే నల్లోళ్లకు ఏ ఫికర్ లేదు. ఒక గుర్రం ఎక్కువున్నది, ఓపికతోటి ఆడుకుంట పోతే గెలుపు వాళ్లదే.

నా ఆట మంచి ఆట కాదు. ఎన్నడు కాదు. ఎనిమిదేండ్లు నన్ను గెలిపిచ్చింది నా దిమాక్ కాదు, నేను పెట్టిన చాయ్ రూల్. బతికే దారి ఒక్కటుంటే ఆ దారికి నేను తాళం వేసి, మళ్ల నేనే గెలిచిన గెలిచిన అని చప్పట్లు కొట్టుకున్న. ఇంకో సంగతి అంతకంటె ఎక్కువ గుచ్చుకున్నది. ఆ దారి లేకుండ, గుర్రం పోయి, బంటు పోయి, అక్క నలభై ఎత్తుల దాంక నిలబడేది. నన్ను గనుక అట్ల ఆడుమంటే పదిహేను ఎత్తులకే ఖతమయితుంటి. మా ఇద్దరిల గట్టి ఆటగత్తె ఎవరో నాకు ఆ చాప మీద కూసున్నప్పుడు తెలిసింది. సిగ్గుతోటి చెవులు కాలినయి.

అయినా నేనేమంత ధర్మాత్మురాలిని కాదు. అక్క వచ్చినంక చెప్పొద్దనే అనుకున్న. చెప్తే ఏమయితది? "నాకు దిమాక్ లేదు" అన్న ఆమె మాట మీదనే గదా నాకు కుర్చీ దొరికింది. ఆ మాట అబద్ధమని తెలిస్తే కుర్చీ ఎవరిదయితదో ఎవరికెరుక? దుకాణం తెరిచేదాంక నోరు మూసుకుంటే సరిపోతది, ఆ తర్వాత ఎన్నడో నవ్వుకుంట చెప్పొచ్చు. వారం కాంగనే అక్క తల్లిగారు చేసిచ్చిన గరిజెల డబ్బ పట్టుకోని దిగింది. నేను తలనొస్తాందని చెప్పి మూడు దినాలు బోర్డు తియ్యలేదు. మింగలేక కక్కలేక అంటరు చూడు, గట్లున్నది నా బతుకు.

నాలుగో రోజు అక్క పప్పు కడుక్కుంట మామూలుగ అన్నది. "నువ్వు దుకాణానికి పోతే పగటీలి నాకు తోచదే చెల్లె. ఆ ఫోన్ల ఆట నాకు పెట్టియ్యి. ఎట్లైనా ఓడిపోయేదే గదా, దాని కాడ ఓడిపోతే నవ్వేటోళ్లు ఉండరు."

నేను వంటింట్లకెల్లి సీదా పోయి బోర్డు తెచ్చి పరిచిన. "పప్పు తర్వాత కడుగుదువు, దా" అన్న. ఆమె చెయ్యి తుడుచుకోని వచ్చింది. నాలుగో ఎత్తుల దానమిచ్చిన, రెండు బంట్లు ఉరికిచ్చిన. ఆమె వేలు ఎప్పటి లెక్కనే ఆ గడి కాడికి పోయి ఆగింది.

"పెట్టు" అన్న.

"ఏంది?"

"అక్కడ్నే పెట్టు అక్కా. ఇంటికి తోలు దాన్ని."

"చాయ్ నేను పెట్టాల్నా? నీ ఉపాయం నాకెరుకనే."

"చాయ్ గీయ్ లేదు. ఆ రూల్ ఇయ్యాల్టికెల్లి లేదు. పెట్టు."

ఆమె నా మొఖం చూసింది, గుర్రాన్ని చూసింది. మెల్లగ తీసుకపోయి మొదటి గడిల పెట్టింది. అప్పుడు నేను ఫోన్ సంగతి మొత్తం చెప్పిన. కంప్యూటర్ సిగ్గులేకుండ ఎట్ల ఇంటికి పోయిందో, నేను ఎట్ల ఓడిపోయిన్నో, ఆమె దిక్కు కూసోని ఏం చూసిన్నో, తలనొప్పి అబద్ధమని సుత చెప్పిన. "నువ్వు ఓడిపోలేదక్కా, నేనే నీ కాళ్లు కట్టేసి ఉరికిచ్చిన" అన్న. ఆమె తిడ్తదేమో అనుకున్న. తిట్టలేదు.

"చాయ్‌కు భయపడి కాదే" అన్నది. "చాయ్ రోజు నేనే పెడ్తుంటి గదా. ఆ మాట పడక."

ఏ మాట అని అడిగిన. అప్పుడు చెప్పింది. ఆమె పెండ్లైన మొదటి ఏడు, నేను ఈ ఇంటికి రాకముందు, ఒకనాడు అత్తమ్మతోటి మాటా మాటా పెరిగి, పొద్దుగాల బండెక్కి కేసముద్రం పోయిందట. ఎనిమిది దినాలకు వాళ్ల నాయిన తీసుకొచ్చి దిగబెట్టిండట. ఆ తర్వాత నేను వచ్చేదాంక ఏ చిన్న లొల్లయినా అత్తమ్మ నోట ఒక్కటే మాట, తల్లిగారింటికి ఉరికిన కోడలు అని. అంత పెద్ద మాటను నేను ఆట చేసి, రూల్ చేసి, నలుగురిల అనిపిచ్చిన. "పానం లేని గుర్రమే గదా అని ఎన్నిసార్లో అనుకున్న చెల్లె. కాని చెయ్యి పోలే" అన్నది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చిన సుత, దాసుకునుడెందుకు. "నాకెర్క లేదక్కా" అన్న. "నీకెట్ల ఎర్కుంటది, ఎవరు చెప్తరు?" అని ఆమె కొంగుతోటి నా ముక్కు తుడిచి, "సరే గని ఇగ నీ ఎత్తు కదుపు" అన్నది.

కదిపిన. ఓడిపోయిన. మళ్ల పరిచినం, మళ్ల దానమిచ్చిన, మళ్ల ఓడిపోయిన. మూడోసారి నేను వేరే ఆట ఆడుతనంటే ఆమె ఒప్పుకోలేదు, "గదే ఆడు, గదే, ఎనిమిదేండ్లది రావాలె నాకు" అని నవ్వుకుంట పట్టుబట్టింది. ఆ నవ్వు నేను ఎన్నడు చూడలేదు, పిల్ల లెక్క తొడ కొట్టుకుంట నవ్వింది. గుర్రాన్ని ఇంటికి తోలినప్పుడల్లా "పోయిరా బిడ్డా, తిని రా" అన్నది. నాలుగోసారి నా మంత్రిని సుత గుంజుకున్నది. తడిపిన పప్పు తడిపినట్టే ఉన్నది.

నాలుగున్నరకు అత్తమ్మ లేచొచ్చి "చాయ్ లేదా ఇయ్యాల?" అన్నది. అక్క బోర్డు మీదికెల్లి తల ఎత్తింది.

"అత్తమ్మా, హన్మకొండ దుకాణంల నేను కూసుంట."

అత్తమ్మ నిలబడ్డ కాడ్నే నిలబడ్డది. "చెల్లె కూసుంటదన్నవ్ గదా మొన్న? నీతోటి అయితదా?"

"అయితది" అన్నది అక్క. అంతే. ఇంకో ముచ్చట కలపలేదు, నా దిక్కు చూడలేదు.

నిజం చెప్తాన, నేను ఆమె వెనక్కి తగ్గుతదేమో అని చూసిన. ఈ ఇంట్ల ఆఖరి పూరీ నాకే వేస్తది, కొత్త చీరెలొస్తే ముందు నన్నే తీసుకోమంటది. ఇప్పుడు సుత "అయ్యో, నీ ఇష్టమే చెల్లె" అంటదని ఎదురు చూసిన. అనలేదు. అత్తమ్మ నా దిక్కు తిరిగి "నువ్వేమంటవ్ మరి?" అని అడిగింది. నేను డిగ్రీ చదివిన అత్తమ్మా అన్న మాట నా నాలుక మీదికి వచ్చి నిలబడ్డది. ఆ ఒక్క మాట అంటే కుర్చీ నాదే. అది ముగ్గురికి ఎరుక.

"అక్కకు నాకంటె దిమాక్ ఎక్కువ" అన్న. "ఇయ్యాల నన్ను నాలుగుసార్లు ఓడగొట్టింది."

"ఆటల ఓడిపోతే దుకాణం ఇచ్చేస్తరానే?" అన్నది అత్తమ్మ.

"ఆటల గెలిస్తేనే గదా నాకు ఇచ్చిన్రు" అన్న.

అత్తమ్మ మా ఇద్దరిని మార్చి మార్చి చూసింది. మామయ్యకు తాను చెప్తనన్నది. చాయ్ సుత ఆ పూట తానే పెట్టుకున్నది, తొమ్మిదేండ్లల్ల అదొక వింత. కాసేపటికి అక్క మెల్లగ, దుకాణం తెరిచే ముహూర్తం నాడు కట్టుకోను తన కాడ మంచి చీరె లేదన్నది. నేను లేచి బీరువ తీసి, ఆ రోజు నేను కట్టుకోవాలని తెచ్చి పెట్టుకున్న ఉల్లిగడ్డ పొట్టు రంగు పట్టుచీరె తీసి ఆమె ఒళ్లె పెట్టిన. ఆమె వద్దనలేదు. జాకెట్ నా కొలతకు కుట్టిచ్చినది, ఆమెకు బిగుతయితది. ఇద్దరం కిటికి కాడ కూసోని, ఆమె ఒక పక్క నేను ఒక పక్క, కుట్లు విప్పినం.